డెల్టా ఉక్కపోతలో గొల్లభామ పెంపకం: ఖర్చు ఎక్కడ, ముప్పు ఎక్కడ

క్లుప్తంగా: గొల్లభామను (ఇంగ్లీషులో ప్రేయింగ్ మాంటిస్) పెంచడానికి గోదావరి డెల్టాలో కొనాల్సిన సామాను దాదాపు ఏమీ లేదు. చలిదేశాల వీడియోల్లో కనిపించే హీటర్లు, తేమ మీటర్లు ఇక్కడ అనవసరం. కొన్నిసార్లు అవే హాని చేస్తాయి. ఇక్కడ గొల్లభామ చనిపోయేది ఎక్కువగా మూడు కారణాల వల్ల: గాలి ఆడని డబ్బా, పురుగుమందు తగిలిన మేత, ఇంట్లో వెలిగించే దోమల మందు. మూడింటినీ ఖర్చు లేకుండానే తప్పించవచ్చు.

గాజుపెట్టెలో కూర్చుని మనిషి వైపు మెడ తిప్పి చూసే ఆకుపచ్చ పురుగు వీడియోలు ఫోన్లో చూసి, అలాంటిది మనమూ పెంచుదామని పిల్లలు అడగడం, ఎంతవుతుందని పెద్దలు వెతకడం ఇప్పుడు మామూలైంది. వెతికితే కనబడే జాబితా బెదరగొట్టేలా ఉంటుంది. గాజు టెర్రేరియం, కింద పరిచే హీట్ మ్యాట్, దానికో థర్మోస్టాట్, తేమ కొలిచే మీటరు, మేతకోసం సీసాల్లో అమ్మే రెక్కల్లేని ఈగలు. అన్నీ తెప్పిస్తే వేలల్లోకి పోతుంది. పెరట్లో అరటిచెట్టు మీద ఊరికే దొరికే పురుగుకి ఇంత ఖర్చా అన్న ప్రశ్న సహజమే.

ఆ జాబితా అబద్ధం కాదు. కానీ అది ఈ ఊరిది కాదు.

సలహా ఒక దేశానిది, వాతావరణం మరొకటి

ఆ వీడియోలు ఎక్కువగా బ్రిటన్, జర్మనీ, అమెరికా ఇళ్ళలో తీసినవి. అక్కడ చలికాలం గది చల్లగా ఉంటుంది, హీటరు వేస్తే గాలి ఎండిపోతుంది. వెచ్చటి, తేమగల ప్రాంతాల నుంచి వచ్చిన పురుగు బతకాలంటే వాళ్ళు వేడినీ కొనుక్కోవాలి, తేమనీ కొనుక్కోవాలి. గొల్లభామలకు సాధారణంగా సరిపడే వేడి 22 నుంచి 30 డిగ్రీలు. కోనసీమలో సంక్రాంతి చలి రోజుల్ని మినహాయిస్తే గది ఉష్ణోగ్రత ఆ కింది గీత దాటి పడిపోవడమే అరుదు. తీరానికి దగ్గరున్న ఊళ్ళలో ఏడాదిలో చాలా నెలలు పొద్దునపూట గాలిలో తేమ 70 శాతం దాటే ఉంటుంది. అంటే అక్కడివాళ్ళు డబ్బు పెట్టి తెచ్చుకునే రెండూ ఇక్కడ ఊరికే దొరుకుతున్నాయి, అదీ అవసరానికి మించి.

చిక్కంతా ఆ మించడంలోనే ఉంది. సార్వా ముసురు రోజుల్లో మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో, వీడియోలో చెప్పినట్టు రోజుకు రెండుసార్లు నీళ్ళు చల్లితే ఆ నీరు ఆరదు. మిగిలిన ఈగల కాళ్ళు, రెక్కలు, రెట్టలు బూజు పడతాయి. గొల్లభామ పొట్టకు ఇరువైపులా ఉండే సన్నటి రంధ్రాలతో గాలి పీలుస్తుంది. కదలని తడిగాలి, దానిలో పెరిగే బూజు, బాక్టీరియా దానికి పెద్ద శత్రువులు. మరోవైపు రోహిణి కార్తెలో రాజమహేంద్రవరం వైపు వడగాడ్పు 45 డిగ్రీల దాకా పోయినప్పుడు రేకుల ఇంట్లో కిటికీ పక్కన పెట్టిన గాజుపెట్టె గంటలోనే పొయ్యిలా మారుతుంది. ఏసీ గది మూడో రకం చిక్కు. చల్లగా ఉన్నా గాలిలో తేమ లాగేస్తుంది, అక్కడ మాత్రం విదేశీ సలహా కొంతవరకు పనికొస్తుంది. ఒకే ఇంట్లో మూడు వాతావరణాలు ఉంటాయి కాబట్టి డబ్బా ఏదన్నదానికంటే అది ఎక్కడ ఉంది అన్నదే ముఖ్యం. తూర్పు వైపు వరండా, ఎండ నేరుగా పడని చోటు, గాలి ఆడే చోటు అయితే చాలు.

ఏ జాతి, ఏ వయసు

ప్రపంచంలో 2,400కు పైగా గొల్లభామ జాతులున్నాయి. చుట్టరికం చూస్తే ఇవి మిడతల కంటే బొద్దింకలకు, చెదపురుగులకు దగ్గర. కొందరు ఆకుపచ్చ మిడతను కూడా ఇదే పేరుతో పిలుస్తారు కనుక తెచ్చుకునే ముందు ముంగాళ్ళు చూడాలి. మడిచి దండం పెట్టినట్టున్న ముంగాళ్ళకు లోపలివైపు రంపం పళ్ళలాంటి ముళ్ళుంటే అది గొల్లభామ. దానికి ఆకులు వేస్తే ముట్టదు. బతికి కదిలే పురుగునే తింటుంది.

కొత్తవాళ్ళకు తేలికైనది హైరోడులా ప్రజాతికి చెందిన పెద్ద ఆకుపచ్చ గొల్లభామ. దక్షిణ భారతంలో ఇది మామూలుగా కనిపించేదే. ఆడది ఏడెనిమిది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, మేతలో పేచీ పెట్టదు, తేమలో కాస్త అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది. దీనికి భిన్నంగా వీడియోల్లో అందరినీ ఆకట్టుకునేది వయొలిన్ గొల్లభామ. సన్నటి మెడ, ఎండుటాకులాంటి ఒళ్ళు. అది కూడా దక్షిణ భారతానికి, శ్రీలంకకు చెందినదే. కానీ పొడి వేడి కావాలి, ఎగిరే పురుగులే కావాలి. నేలమీద పాకేదాన్ని చాలావరకు పట్టించుకోదు. కాలువగట్టు ఇంట్లో, అదీ ఆశ్వీయుజ వానల్లో, మొదటిసారి పెంచేవాళ్ళకు అది సరిపడదు. పువ్వులా కనిపించే ఆర్కిడ్ గొల్లభామ ఆగ్నేయాసియా వానాడవులది. దాన్ని ఇక్కడికి తెప్పించాలన్న ఆలోచనే మానుకోవడం మంచిది, కారణం చివర్లో.

జాతి కంటే వయసు దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. దసరా, దీపావళి రోజుల్లో ట్యూబులైటు దగ్గరికి ఎగిరొచ్చిన పెద్ద గొల్లభామను పట్టి డబ్బాలో వేస్తారు. కొద్దివారాల్లో అది చచ్చిపోతుంది. ఏం తప్పు జరిగిందో అని బాధపడతారు. చాలాసార్లు తప్పేమీ ఉండదు. రెక్కలు పూర్తిగా వచ్చిన గొల్లభామ అప్పటికే తన ఆయుష్షులో ఎక్కువ భాగం గడిపేసింది. గుడ్డు నుంచి చావు దాకా మొత్తం జీవితమే ఏడాదికి అటూ ఇటూ, దానిలో రెక్కలొచ్చాక మిగిలేది కొన్ని నెలలు. మగదైతే ఇంకా తక్కువ. లైటుకు ఎగిరొచ్చేవి ఎక్కువగా మగవే.

రెండో పొరపాటు గుడ్ల తిత్తిని తేవడం. కొమ్మకు అంటుకున్న గోధుమరంగు నురగ గట్టిపడినట్టుండే ఆ తిత్తి ఊరికే దొరుకుతుంది కాబట్టి అదే చవక అనిపిస్తుంది. నిజానికి అంత ఖరీదైన మార్గం మరొకటి లేదు. హైరోడులా తిత్తి పగిలితే వందకు పైగా పిల్లలు ఒక్కసారే దారాల్లా వేలాడుతూ దిగుతాయి. ఒక్కో పిల్ల సెంటీమీటరుకు లోపే. రెండు మూడు రోజుల్లో ఆకలి మొదలై ఒకదాన్నొకటి తినడం మొదలుపెడతాయి. అన్నింటినీ కాపాడాలంటే వంద డబ్బాలు, వంద నోళ్ళకు సన్నటి ఈగలు కావాలి. ఒక్కోసారి పిల్లలే రావు. తిత్తిలోంచి లావు తొడల సన్నటి కందిరీగలు బయటికొస్తాయి. పోడాగ్రియాన్ అనే ఈ కందిరీగలు గొల్లభామ గుడ్లలోనే తమ గుడ్లు పెడతాయి. ఎదురుచూసినవాళ్ళకి అదొక పెద్ద నిరాశ, పురుగుల మీద నిజంగా ఆసక్తి ఉన్నవాళ్ళకైతే గొల్లభామ కంటే అదే వింత.

సరైన ఎంపిక ఈ రెంటికీ మధ్యలో ఉంది. రెండు మూడుసార్లు కుబుసం విడిచిన, రెండు సెంటీమీటర్లు దాటిన, రెక్కలు రాని పిల్ల. ఒక్కటే. పెరట్లో జామ, మందార, కరివేపాకు మొక్కల్లో ఓపిగ్గా చూస్తే కనబడుతుంది. వరిగట్టు మీదిది వద్దు. కాలువ, చెరువు అంచుల్లో దొరికినదానికి మరో ఇబ్బంది ఉండొచ్చు. దాని పొట్టలో నల్లటి దారంలాంటి పురుగు పెరుగుతూ ఉండవచ్చు. నీటిలో పుట్టిన ఆ పురుగు పిల్లలు మొదట దోమపిల్లల వంటి నీటి పురుగుల్లో చేరతాయి. అవి రెక్కలొచ్చి ఎగిరినప్పుడు గొల్లభామ తింటే దాని కడుపులోకి వస్తాయి. పూర్తిగా పెరిగాక గొల్లభామను నీటివైపు నడిపించి, తడి తగలగానే పొట్ట చీల్చుకుని బయటికొస్తాయి, చాలాసార్లు గొల్లభామ కంటే పొడవుగా. మనుషులకు వీటివల్ల హాని లేదు. పొట్ట మాత్రం ఉబ్బి, ఎంత తిన్నా ఒళ్ళు పెరగని గొల్లభామ విషయంలో ఈ అనుమానం పెట్టుకోవాలి.

డబ్బా: ఎత్తు ముఖ్యం, అందం కాదు

గొల్లభామ పెద్దగా తిరిగే పురుగు కాదు. ఒకచోట వేలాడి ఎదురుచూస్తుంది. అందుకే పెద్ద పెట్టె దానికి లాభం కాదు, మేత దొరక్క నష్టం కూడా. పెంపకందార్లు పాటించే కొలత తేలిక: డబ్బా ఎత్తు పురుగు పొడవుకు మూడు రెట్లు, వెడల్పు రెండు రెట్లు. ఎనిమిది సెంటీమీటర్ల ఆడదానికి ఎత్తు 24, వెడల్పు 16 సెంటీమీటర్లు. అయిదు లీటర్ల మంచినీళ్ళ ప్లాస్టిక్ సీసా దాదాపు ఈ కొలతకే ఉంటుంది. పిల్లగా ఉన్నన్నాళ్ళు అరకిలో పచ్చడి డబ్బా చాలు.

సీసా పైభాగాన్ని కోసేసి, ఆ నోటికి పాత దోమతెర ముక్క బిగించి రబ్బరుబ్యాండు వేస్తే మూత సిద్ధం. పక్కన అరచేయంత కిటికీ కోసి దానికీ తెర అంటిస్తే గాలి అటూ ఇటూ ఆడుతుంది. డెల్టా తేమలో ఈ పక్క కిటికీయే మొత్తం తేడా తెస్తుంది. పైన ఒక్క రంధ్రమే ఉంటే తడిగాలి అడుగున నిలిచిపోతుంది. ఇనుప జల్లెడ మాత్రం వాడకూడదు. పాదాల చివరి గోళ్ళు దానిలో ఇరుక్కుని విరుగుతాయి.

లోపల కావాల్సింది పట్టుకోవడానికి గరుకైనది. కొబ్బరి ఈనెలు నాలుగు ఏటవాలుగా నిలబెడితే సరిపోతుంది. అడుగున కొద్దిగా కొబ్బరిపీచు పొడి, లేదా మడిచిన కాగితం. వారానికోసారి కాగితం మార్చడం పీచు మార్చడం కంటే సులువు, బూజు కూడా ముందే కనబడుతుంది. అలంకారానికి కడియం నుంచి తెచ్చిన చిన్న మొక్క పెట్టాలనిపించడం సహజం. నర్సరీ మొక్కకు ఇమిడాక్లోప్రిడ్ లాంటి అంతర్వాహిక మందు కొట్టి ఉంటే అది ఆకు మీద కాదు, ఆకు రసంలోనే ఉంటుంది. కడిగితే పోదు. ఆ రసం పీల్చిన పురుగును తిన్న గొల్లభామకూ చేరుతుంది. మొక్క లేకపోయినా గొల్లభామకు లోటు లేదు.

నీళ్ళు తొట్టిలో పెట్టనక్కర్లేదు. సీసా గోడమీది చుక్కల్నే తాగుతుంది. ఎండాకాలంలో రోజుకోసారి, ముసురులో రెండు మూడు రోజులకోసారి స్ప్రే బాటిల్‌తో నాలుగు చుక్కలు. చల్లిన తడి కొన్ని గంటల్లో ఆరిపోవాలి, మర్నాటికీ మిగిలితే ఎక్కువైనట్టు. ఇంట్లో తాగే టిన్ను నీళ్ళు, లేదా కాచి చల్లార్చినవి వాడాలి. కాలువ నీళ్ళు వద్దు, చేలలోంచి వచ్చే మురుగుతో మందులు కూడా కొట్టుకొస్తాయి.

ఇక చీమలు. కుబుసం విడిచి మెత్తగా ఉన్న వేళలో గొల్లభామను చీమల బారు తినేయగలదు. వెనకటి వంటిళ్ళలో పాల అల్మరా కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టేవారు, డబ్బా ఉంచిన పీటకీ అదే చేయాలి. చీమల మందు చల్లితే చీమలతో పాటు ఇదీ పోతుంది.

కుబుసం విడిచే గంట

పెంపకంలో ప్రాణాపాయమైన ఘట్టం ఇదొక్కటే. పిల్ల నుంచి పెద్దదయ్యేలోగా జాతిని బట్టి, ఆడా మగా బట్టి ఆరు నుంచి తొమ్మిదిసార్లు గొల్లభామ కుబుసం విడుస్తుంది. గొంగళి పురుగులా మధ్యలో ప్యూపా దశ లేదు. ప్రతిసారీ అదే ఆకారం కాస్త పెద్దదై బయటికొస్తుంది, రెక్కలు చివరిసారే వస్తాయి.

జరిగే తీరు చూస్తే డబ్బాకు ఎత్తు ఎందుకో అర్థమవుతుంది. గొల్లభామ తెరకు వెనకకాళ్ళతో పట్టుకుని తలకిందులుగా వేలాడుతుంది. లోపలి ఒత్తిడికి వీపు దగ్గర పాత చర్మం చీలుతుంది. ఆ చీలికలోంచి ఒంటి బరువే కొత్త శరీరాన్ని కిందికి లాగుతుంది. ముందు తల, తర్వాత ముంగాళ్ళు, చివరికి పొడవాటి సన్నటి వెనకకాళ్ళు ఒక్కొక్కటిగా పాత తొడుగులోంచి జారతాయి. కాసేపు తోకకొన మీదే వేలాడి, పైకి వంగి, తన పాత చర్మాన్నే పట్టుకుని ఎక్కుతుంది. అరగంటలోపు ముగిసే పని. కొత్త చర్మం అప్పుడు పాలిపోయి మైనంలా మెత్తగా ఉంటుంది. గట్టిపడేసరికి ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారమే ఖాయం. మధ్యలో కింద పడితే కాళ్ళు వంకరపోతాయి. పొడుగు చాలక అడుగు తగిలితే నడుము వంగిపోతుంది. గాలి మరీ పొడిగా ఉంటే పాత చర్మం కాలికి అతుక్కుని ఊడిరాదు. ఏసీ గదిలోనూ, మే నెల వడగాలిలోనూ ఈ ఒక్క సమయంలో కొంచెం ఎక్కువ నీళ్ళు చల్లాలి అనడానికి కారణం ఇదే.

ముందస్తు గుర్తులు తేలిగ్గా తెలుస్తాయి. రెండు మూడు రోజుల ముందునుంచే మేత మానేస్తుంది, ఎదురుగా ఈగ వాలినా పక్కకు తొలుగుతుంది. చివరి కుబుసానికి ముందు వీపు మీది రెక్కల మొగ్గలు ఉబ్బుతాయి. కొత్తవాళ్ళు ఇక్కడే టెన్షన్ పడి, తినడంలేదని ఇంకో రెండు పురుగులు వేస్తారు. మెత్తగా వేలాడుతున్న గొల్లభామను ఆ మిడతో ఇలకోడో కొరికేస్తుంది. తిననప్పుడు డబ్బాలోంచి మేత తీసేయాలి, డబ్బా కదపకూడదు. కుబుసం విడిచాక ఒకటి రెండు రోజులు ఆగి మేత వేయాలి.

చిన్న వయసులో కాలు పోయినా కంగారు పడక్కర్లేదు. తర్వాతి కుబుసాలతో కొత్త కాలు కొంత పొట్టిగా మళ్ళీ మొలుస్తుంది. రెక్కలు వచ్చాక పోయింది మాత్రం పోయినట్టే.

మేత: ఊరికే దొరికేదే ఎందుకు ప్రమాదం

డెల్టాలో పురుగులకు కొదవా అన్నది మొదట వచ్చే మాట. నిజమే. ధవళేశ్వరం ఆనకట్ట కింద కాలువలు పారే నేలలో సార్వా, దాళ్వా అంటూ ఏడాదిలో ఎక్కువ నెలలు చేలో పంట ఉంటుంది, గట్టు మీద కొబ్బరి, అరటి ఉంటాయి. పంట ఉన్నచోట పురుగుంది. పురుగున్నచోట మందుంది. కాండం తొలిచే పురుగుకు ఒకటి, ఆకుముడతకు ఒకటి, దోమపోటుకు మరొకటి. మందు కొట్టిన చేనులో పురుగులన్నీ అక్కడికక్కడే చచ్చిపోవు. కొన్ని సగం మత్తుతో, ఎగరలేక, నెమ్మదిగా గట్టుకు చేరతాయి. చేతికి తేలిగ్గా దొరికే మిడత ఆరోగ్యంగా ఉన్న మిడత కాకపోవడానికే ఎక్కువ అవకాశం. ఆ ఒక్కదానిలో ఉన్న మందు గొల్లభామను చంపకపోవచ్చు. రోజూ అలాంటివే తింటే పేరుకుని చంపుతుంది. ముంగాళ్ళు వణకడం, పట్టు తప్పి పడిపోవడం, నల్లటి ద్రవం కక్కడం కనబడితే మేత మీదే మొదటి అనుమానం రావాలి.

ఇంట్లోని బొద్దింకలదీ అదే కథ. మందు సుద్దముక్క గీసిన ఇంట్లో, జెల్ మందు పెట్టిన వంటింట్లో పట్టిన బొద్దింకను మేతగా వేయకూడదు.

అందువల్ల మేతను పట్టడం కంటే పెంచడం చవక, క్షేమం కూడా. చిన్న పిల్లలకు అరటిపండు మీద ముసిరే సన్నటి ఈగలు చాలు. పెరటి అరటిపండు బాగా ముగ్గినదాన్ని సీసాలో వేసి, మూతికి కాగితం గరాటు పెడితే ఒకటి రెండు రోజుల్లో ఈగలు లోపలికి చేరతాయి, గుడ్లు పెడతాయి. 25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి ఈగ కావడానికి పది రోజులు. వారానికో సీసా చొప్పున మొదలుపెడితే మేత తెగిపోదు. రావులపాలెం అరటి మార్కెట్టు పక్కనున్న ప్రాంతానికి ఇంతకంటే ఖర్చులేని ఏర్పాటు ఉండదు. విదేశాల్లో రెక్కల్లేని రకం ఎందుకు కొంటారంటే మూత తీస్తే ఎగిరిపోవు కాబట్టి. ఇక్కడ సీసాను రెండు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే ఈగలు మందగిస్తాయి, అప్పుడు డబ్బాలోకి దులపవచ్చు.

గొల్లభామ మూడు సెంటీమీటర్లు దాటాక ఈ ఈగలు దాని పంటి కిందికి రావు. అప్పుడు పనికొచ్చేది నిలవ బియ్యంలో, నూకల్లో గూళ్ళు అల్లే రెక్కల పురుగు. పంట పురుగుల అదుపుకు చేలో కట్టే, రైతులకు తెలిసిన ట్రైకో కార్డుల మీద ఉండేవి దీని గుడ్లే. కార్సైరా అనే ఈ పురుగును జీవనియంత్రణ ప్రయోగశాలల్లో పగలగొట్టిన జొన్నల్లో పెంచుతారు. ఇంట్లోనైతే మూత బిగువైన డబ్బాలో కిలో నూకలు చాలు. తరం పూర్తవడానికి నెలన్నర పడుతుంది కాబట్టి గొల్లభామను తెచ్చినరోజే మొదలుపెట్టాలి. మెత్తటి ఒళ్ళు, ఎగిరే కదలిక, మందు తగిలే అవకాశం లేకపోవడం దీని లాభాలు. ఆ డబ్బా మూత ఒకసారి సరిగా పెట్టకపోతే ఇంట్లోని బియ్యం బస్తా సంగతి ఏమవుతుందన్నది మాత్రం ముందే ఆలోచించుకోవాలి. ఇలకోళ్ళను కోడిగుడ్ల అట్టల మధ్య తవుడు, ఆకుకూర వేసి పెంచవచ్చు కానీ రాత్రంతా చేసే రొదకు ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి.

తొలకరి వానకు దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్ళు గొల్లభామకు పండగే. నేలలోంచి వచ్చేవి కనుక చేలో తిరిగే మిడతల కంటే వీటిమీద అనుమానం తక్కువ, చెద మందు కొట్టిన ఇంటి దగ్గరివి తప్ప.

ఎంత వేయాలన్నది పొట్టే చెబుతుంది. పొట్ట పలచగా ఉంటే ఆకలి, గుండ్రంగా నిండి ఉంటే ఆపాలి. పిల్లకు రోజు విడిచి రోజు, పెద్దదానికి మూడు నాలుగు రోజులకోసారి సరిపోతుంది. వేసే పురుగు గొల్లభామ ఒంట్లో సగానికి మించకూడదు. ఎక్కువ పెడితే త్వరగా ఎదుగుతుంది, త్వరగానే ముసలిదవుతుంది. ఎక్కువకాలం చూసుకోవాలనుకునేవాళ్ళకు కొంచెం తక్కువ పెట్టడమే లాభం.

దోమల మందు: కనబడని కారణం

మేత శుభ్రంగా ఉన్నా, డబ్బాలో గాలి ఆడుతున్నా తెల్లారేసరికి గొల్లభామ వెల్లకిలా పడి ఉంటే రాత్రి గదిలో ఏం వెలిగించారో చూడాలి. డెల్టా ఇళ్ళలో సాయంత్రం అయితే కాయిల్, లేదా ప్లగ్గుకు గుచ్చే లిక్విడ్ మామూలు. వాటిలో ఉండేవి ఆలెత్రిన్, ట్రాన్స్‌ఫ్లూత్రిన్ వంటి పైరెత్రాయిడ్ మందులు. ఇవి పురుగు నాడుల్లో సోడియం మార్గాలను మూసుకోనివ్వవు. దాంతో నాడి ఆగకుండా కొట్టుకుని, కండరాలు వణికి, చివరికి చచ్చుబడతాయి. మనిషి శరీరం ఈ మందును త్వరగా విరగ్గొట్టేస్తుంది, పైగా ఒళ్ళు పెద్దది. పురుగుకు ఆ రెండూ లేవు. దోమను చంపే మందుకు గొల్లభామ వేరే పురుగని తెలియదు కదా.

దీనికి దారి ఒక్కటే, మందు వెలిగే గదిలో డబ్బా ఉండకూడదు. తలుపు మూసిన వేరే గది, లేదా పొగ రాని వరండా. వీధిలో ఫాగింగ్ బండి వచ్చినరోజు మాత్రం వరండాలోంచి లోపలికి తెచ్చి కిటికీలు మూయాలి. వరండాలో బల్లులూ ఉంటాయి, పిల్లగా ఉన్నప్పుడు తెర వదులుగా ఉంటే మిగలదు.

చేతిమీద, కళ్ళముందు

గొల్లభామకు విషం లేదు. మనిషిని కుట్టదు. ఒత్తిపట్టుకుంటే ముంగాలి ముళ్ళతో గిల్లుతుంది, అంతే. నడుము పట్టి ఎత్తకుండా ఎదురుగా చేయి ఆనిస్తే కొమ్మ అనుకుని ఎక్కుతుంది. దీన్ని ప్రేమ అనుకునేవాళ్ళున్నారు. దానికి చేయి ఎత్తుగా ఉన్న మరో చోటు మాత్రమే. కడుపు బరువుగా ఉన్న ఆడది నిలబడ్డ మనిషి చేతిలోంచి గచ్చు మీద పడితే పొట్ట పగిలిపోతుంది కనుక పిల్లలు కింద కూర్చునే పట్టుకోవాలి.

చూడటానికి మాత్రం దానిలో చాలా ఉంది. ఎటునుంచి చూసినా కంట్లోని నల్లచుక్క మనవైపే ఉన్నట్టుంటుంది. కన్ను వేలాది చిన్న కళ్ళ గుత్తి. మనవైపు సూటిగా ఉన్నవి మాత్రం వెలుగును తిప్పి పంపక మింగేస్తాయి కాబట్టి నల్లగా కనబడతాయి. రాత్రయ్యేసరికి కన్నంతా ముదురు రంగుకు తిరుగుతుంది, జబ్బు కాదు. రెండు కళ్ళతో దూరాన్ని కొలిచే చూపు పురుగుల్లో దీనికి ఉందని బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2016లో చూపించారు. తేనెమైనంతో దాని కళ్ళకు బుల్లి త్రీడీ అద్దాలు అతికించి తెరమీద బొమ్మ పురుగును ఆడించారు. చాలా జాతులకు చెవి ఒక్కటే ఉంటుంది, ఛాతీ అడుగున మధ్యలో. 1986లో బయటపడిన ఈ విషయం మీద తర్వాత జరిగిన పరిశోధనల్లో, రాత్రి ఎగిరేటప్పుడు గబ్బిలాల ధ్వనిని పసిగట్టడానికి ఆ చెవి ఉపయోగపడుతుందని తేలింది.

ఆడా మగా తెలుసుకోవాలంటే పొట్ట కిందివైపు అడ్డగీతల మధ్య ఖండాలు లెక్కపెట్టాలి. ఆడదానికి ఆరు, మగదానికి ఎనిమిది. జత కలిపితే మగదాన్ని ఆడది తినేస్తుందన్నది నిజమే అయినా ప్రతిసారీ కాదు. ఆకలితో ఉన్న ఆడదైతే ఆ అవకాశం బాగా పెరుగుతుంది. మొదటిసారి పెంచేవాళ్ళకు జత అవసరమే లేదు.

ఎక్కడినుంచి తేకూడదు, ఎక్కడ వదలాలి

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో జంతువు అన్న మాటలోకి వెన్నెముక లేని జీవులు కూడా వస్తాయి. అభయారణ్యం లోపలినుంచి అనుమతి లేకుండా వన్యప్రాణిని తేవడాన్ని అదే చట్టం నిషేధిస్తుంది. గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట ఉన్న కోరింగ అభయారణ్యం, ఎగువన పాపికొండల జాతీయ ఉద్యానం ఆ లెక్కలోవే. విహారానికి వెళ్ళినచోట మడకొమ్మ మీద కనబడిన గొల్లభామను సీసాలో వేసుకు రావడం కుదరదు. విదేశాల నుంచి బతికున్న పురుగులు తెప్పించడానికి కూడా 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వుల కింద కేంద్రం అనుమతి కావాలి. ఇంటర్నెట్లో ఎవరో కొరియర్లో పంపిస్తామన్నంత మాత్రాన అది సక్రమం కాదు.

ఆ నిబంధనల వెనక అనుభవం ఉంది. చైనా గొల్లభామ 1896లో అమెరికాలోని ఫిలడెల్ఫియా దగ్గర కనబడింది. ఇప్పుడది అక్కడ విస్తారంగా వ్యాపించి, స్థానిక జాతుల్ని తింటూ, అప్పుడప్పుడూ చిన్న హమ్మింగ్‌బర్డ్ పిట్టల్ని కూడా పట్టేస్తోంది. ఆసియా హైరోడులా జాతులు ఇటీవల ఇటలీ, ఫ్రాన్స్‌లలో స్థిరపడ్డాయి. కొనుక్కున్న పరాయి జాతిని విసుగొచ్చి పెరట్లో వదిలేస్తే జరిగేదీ అలాంటిదే కావచ్చు. పెరట్లో దొరికిన స్థానిక జాతికి ఈ చిక్కు లేదు. పెంచడం కుదరనప్పుడు ఏ మొక్కమీద దొరికిందో అక్కడే, వాన లేని సాయంత్రం వదిలేయవచ్చు.

ఆడది మగదానితో కలవకపోయినా గుడ్ల తిత్తి పెడుతుంది. అలాంటివి పొదగవని సాధారణంగా అనుకోవచ్చు. కానీ బయట పట్టి తెచ్చిన పెద్ద ఆడది అప్పటికే జతకట్టి ఉండవచ్చు. డబ్బా తెరకు తిత్తి అంటిస్తే నాలుగు వారాల లోపు ఆ తెరముక్కను కత్తిరించి, మందు కొట్టని పెరట్లో కొమ్మకు, నేలకు నడుమెత్తున, చీమల బారు లేని చోట కట్టేయాలి.